పూతరేకులు ఇంగ్లీషు డిక్షనరీలోకి ఎక్కాలంటే ఏం చేయాలండి?

రేకులమ్మాయి (ఆత్రేయపురం)

అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో పూతరేకులు చేసి అమ్ముతాం. చేయటం అంతా మా అత్తగారూ, ఆవిడతో పాటు వచ్చే ఆడవాళ్ళూ. నాకు కుండ దగ్గర పని రాదు, కూర్చున్నానంటే రేకు కన్నా చిల్లులే ఎక్కువ వస్తాయి. అందుకని పెట్టెల మీద లేబుళ్ళు, ఆన్‌లైన్ ఆర్డర్లు, కొరియర్ వాళ్ళతో గొడవలు నా వంతు.

నా సందేహం లేబులు గురించి. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండి తీరాలని ఆహార భద్రత వాళ్ళ నిబంధన. తెలుగు కూడా వేసుకోవచ్చు, కానీ అదొక్కటే చాలదు. మరి ఇంగ్లీషులో పేరేం రాయాలి? డిజైన్ చేసిన కుర్రాడు మొదట "పేపర్ స్వీట్" అని కొట్టేశాడు, అందరూ అదే వేస్తున్నారని. పూణే నుంచి ఒకావిడ ఫోన్ చేసి, కాగితం తీసేసి తినాలా, దాంతో పాటే తినాలా అని అడిగింది. ఆవిడ నయం, అడిగింది. ఇంకొకాయన నిజంగానే రేకులన్నీ ఒలిచి పక్కన పడేసి, లోపలున్న పంచదార పొడీ జీడిపప్పూ చెంచాతో తిని, "ప్యాకింగ్ ఎక్కువ, సరుకు తక్కువ" అని రాసి ఒక్కటంటే ఒక్కటే చుక్క ఇచ్చాడు. ఇంట్లో చదివి వినిపిస్తే అందరం నవ్వాం. మా అత్తగారు మాత్రం నవ్వలేదు.

ఎలా నవ్వుతుందండీ. జయ బియ్యం నానబోసి, రుబ్బి, పాలలా పల్చగా చేసుకుని, కుండ బోర్లించి కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, గుడ్డ పిండిలో ముంచి ఆ కుండ మీద ఒకే ఒక్క లాగు లాగాలి. పిండి తగిలీ తగలగానే చుయ్‌మని ఆరిపోయి అంచు పైకి లేస్తుంది. ఆ అంచు పట్టుకుని తీయాలి. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే కుండని పట్టుకుని వదలదు. వేడి ఎంతుందో ఆవిడ చెయ్యి పెట్టి చూడదు, ఆ చుయ్‌మనే చప్పుడు విని చెప్పేస్తుంది. అలాంటిది తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాడాయన!

అందుకని పేరు మార్చి, ఇంగ్లీషు అక్షరాల్లో "పూతరేకులు" అనే వేద్దామనుకున్నాను. ఫోన్ ఒప్పుకోదు, కింద ఎర్రగీత. మా మరిది ఎంబీఏ చదివాడు. డిక్షనరీలో లేని మాట లేబులు మీద ఉంటే నాటు సరుకులా కనిపిస్తుంది వదినా అంటాడు. ఇడ్లీ, దోశ ఎప్పుడో చేరాయట, ఆఖరికి "అయ్యో" కూడా ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో చేరిందని పేపర్లో వచ్చింది కదండీ. మరి మనది ఎవరు చేర్చాలి? అప్లికేషన్ ఉంటుందా, ఫీజు ఉంటుందా? స్పెల్లింగ్ ఎవరు ఖాయం చేస్తారు? అప్పటిదాకా ఆ మాట వేసుకుంటే తప్పా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బొబ్బర్లంక బుల్లోడు

2023లోనే మీకు జీఐ ట్యాగ్ వచ్చేసింది కదండీ, ఆత్రేయపురం పూతరేకులని. గవర్నమెంటోడే ఇంగ్లీషులో పేరు రాసి సర్టిఫికెట్ ఇచ్చాక ఇంక ఆక్స్‌ఫర్డ్ వాడితో మనకేం పనండీ? అందులో ఉన్న స్పెల్లింగే దింపేయండి. ఆ కాగితం ఫ్రేము కట్టించి మీ మరిదిగారి గదిలో తగిలించండి. ఆయ్.

లాకుల గుమాస్తా (ధవళేశ్వరం)

అమ్మాయ్, బుల్లోడు చెప్పింది సగం నిజం. స్పెల్లింగ్ సంగతి బాగానే చెప్పాడు, దాని దగ్గరికి తరవాత వస్తాను. జీఐ అన్నది చెన్నైలో ఉన్న రిజిస్ట్రీ ఇచ్చేది. ఇంకెక్కడో చేసి మీ ఊరి పేరు పెట్టి అమ్ముకోకుండా వేసిన కంచె అది. డిక్షనరీ వాడికి కావలసింది అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. మాట ఎన్ని ఊళ్ళు దాటింది, ఎవరెవరి నోట్లో పడింది, ఎవరు రాశారు అని చూస్తాడు. ఒకటి ఉంటే రెండోది రావాలని లేదు.

నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపర్నెంటుగా దిగినవాణ్ణి. పై ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరాలు డ్రాఫ్టు చేయటమే నా ఉద్యోగం. అనుమానం వచ్చిన మాటకల్లా డిక్షనరీ తీసేవాణ్ణి. తీయగా తీయగా అదో పిచ్చిగా ముదిరింది. అందుకని నా జవాబు కాస్త పొడుగుంటుంది, ఓపిక పట్టు.

ముందు నువ్వడిగినవాటికి సూటిగా. అప్లికేషన్ లేదు, ఫీజు లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ సైటులో ఎవరైనా ఒక మాట సూచించటానికి వీలుంది, కానీ నువ్వు సూచించావని చేర్చరు. ఒకరితో ఒకరికి సంబంధం లేని పలువురు, కొన్నేళ్ళ పాటు, ఇంగ్లీషు వాక్యాల మధ్య ఆ మాటని వాడిన దాఖలాలు కావాలి. పేపర్లు, పుస్తకాలు, వంటల పేజీలు, సినిమా సమీక్షలు, ఏదైనా సరే. వాళ్ళ పెద్ద డిక్షనరీ మొదలైన దగ్గర్నుంచీ పద్ధతి ఇదే. 1884లో మొదటి భాగం వచ్చింది, ఆఖరిది వచ్చేసరికి 1928. ఎక్కడెక్కడి జనమో పుస్తకాలు చదువుతూ, మాట కనపడిన వాక్యాన్ని చీటీ మీద రాసి పోస్టులో పంపేవారు. ఇప్పుడు కంప్యూటర్లు వెతుకుతున్నాయి, మూడు నెలలకోసారి కొత్త మాటలు చేరుస్తున్నారు. ఒకసారి ఎక్కిన మాటని మళ్ళీ దించరు, వాడుక పోయినా సరే. ఆ ఒక్క విషయంలో మన సర్కారు ఉద్యోగం లాంటిది.

ఇక ఎర్రగీత. అది ఆక్స్‌ఫర్డ్ వాడు గీసింది కాదమ్మా. నీ ఫోన్ కంపెనీ దాచుకున్న మాటల పట్టీ వేరు. ఆ మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే డిక్షనరీలో చేర్చమంటావా అని అడుగుతుంది, అవునను. ఇంక గీయదు. మీ మరిది ఫోన్‌లోనూ చేర్చెయ్, అతను నిద్రపోతున్నప్పుడు.

ఇప్పుడు అసలు సంగతి. మన గోదారి మాటలు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కటం కొత్తేం కాదు. నూట నలభై ఏళ్ళ కిందటే ఎక్కినవి ఉన్నాయి. 1886లో యూల్, బర్నెల్ అని ఇద్దరు దొరలు హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు వేశారు. ఇండియాలో తెల్లవాళ్ళు వాడే ఇంగ్లీషులో కలిసిపోయిన ఈ దేశపు మాటలన్నీ అందులో ఉంటాయి. కరణం ఉన్నాడు, కర్నమ్ అని. బండి ఉంది, బ్యాండీ అని. పందికొక్కు ఉంది, బ్యాండికూట్ అని. అది తెలుగు మాటేనని అందులోనే రాశారు. ఆ పుస్తకం రాకముందే ఆస్ట్రేలియా వెళ్ళిన వాళ్ళు అక్కడ కనపడిన వేరే జంతువుకి ఆ పేరే తగిలించారు, కాబట్టి మన గాదెల కింద కన్నాలు తవ్వేదాని పేరు ఇవాళ అక్కడి అడవుల్లో ఉంది. కోరంగి రేవు ఉంది. ఆనికట్ సరేసరి, దాన్ని తమిళం ఖాతాలో వేశారు, వేసుకోనీ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీదా కట్ట కట్టించాడు. దానికోసం ఎన్ని అంచనాలు, ఎన్ని రిపోర్టులు మద్రాసుకీ లండనుకీ వెళ్ళాయో! డబ్బు మంజూరు చేసేవాడు చదివిన మాట డిక్షనరీలోకి తొందరగా ఎక్కుతుందన్నది నా లెక్క.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చే మాట లంకా. ఎల్-యు-ఎన్-కె-ఎ అని రాసి ఉంటుంది, చివర హెచ్ పెట్టి రాసేవాళ్ళూ ఉన్నారు. గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్ట, మద్రాసు రాజధానిలో దానికి మహా గిరాకీ అని హాబ్సన్-జాబ్సన్‌లో ఉంది. మన ఊబలంక, ఎదుర్లంక, మీ పక్కనున్న బొబ్బర్లంక, వీటిల్లో ఉన్న లంకే అది. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవలలో కూడా ఆ మాట ఉంది. హంతకుడు లంక చుట్ట తాగేవాడని తేలిందంటే వెతకాల్సిన చోట్లు తగ్గిపోతాయంటాడు ఆ డిటెక్టివు. రకరకాల పొగాకుల బూడిద చూసి అది ఏ పొగాకో చెప్పగలనని ఆయన గొప్ప. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకునేది. ఆవిడ గనక ఏదైనా చేసి ఉంటే బూడిద ఎక్కడ దొరుకుతుందో ఆ మహానుభావుడే చెప్పాలి.

గమనించావా, ఎక్కిన మాటలు ఎవరివో? పన్ను లెక్కలు రాసే కరణం, దొర ఎక్కిన బండి, దొర గోడౌన్లో బస్తాలు కొరికిన పందికొక్కు, దొర పీల్చిన చుట్ట. గోడౌన్ కూడా మన గిడ్డంగి నుంచో, తమిళుల కిడంగు నుంచో మలయా దేశం చుట్టి వచ్చిందంటారు. మీ అత్తగారి కుండ దగ్గరికి ఏ దొరా వచ్చి కూర్చోలేదు. కాబట్టి ఆ మాట ఎవడూ రాయలేదు. అంతే తప్ప మాటలో లోపం ఏమీ లేదు.

రాయటమంటే నలుగురికీ కనపడేలా రాయటం. మా డిపార్టుమెంటులో లస్కరు అంటే కాలవ తూముల దగ్గర తలుపులు ఎత్తి దించేవాడు. గోదారి డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు. ఇంగ్లీషు డిక్షనరీ తీస్తే లస్కర్ అంటే ఓడ మీద కళాసీ. ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు, ఈ కాలవల మీద ఇంతమంది నావికులకి జీతాలు ఎందుకిస్తున్నారని ఫైలు మీద ఎర్ర సిరాతో రాశాడు. లస్కరు అంటే ఎవరు, తెల్లవారుజామున ఏం చేస్తాడు, వంతు నీళ్ళ రోజుల్లో రైతులు కర్రలు పట్టుకుని వస్తే ఎలా నిలబడతాడు అని ఒక పేజీ నోటు ఇంగ్లీషులో నేను డ్రాఫ్టు చేశాను. నా సర్వీసులో నేను రాసిన వాటిల్లో బాగా వచ్చింది అదే. ఏం లాభం? అది ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. డిక్షనరీ వాడికి కనపడే దారేది?

నీ లేబులు అలా కాదు, పూణే దాకా వెళుతోంది. కాబట్టి ఇలా చెయ్. స్పెల్లింగ్ ఒకటి పట్టుకుని జన్మలో మార్చకు. ఇప్పుడు బజార్లో ఒకడు ఒక ఓ వేస్తాడు, ఒకడు రెండు వేస్తాడు, ఒకడు యు వేస్తాడు, టి పక్కన హెచ్ ఉంచేవాడు కొందరు, తీసేసేవాడు కొందరు. వెతికేవాడికి నాలుగు మాటలుగా కనపడతాయి, ఒక్కోదానికి పావు వంతు సాక్ష్యం. జీఐ కాగితంలో ఉన్న స్పెల్లింగే మంచిది, మీ ఊళ్ళో మిగతావాళ్ళకీ చెప్పు. కొటేషన్ గుర్తులు పెట్టకు, వాలు అక్షరాల్లో వేయకు. అలా వేస్తే ఇది మా భాష కాదు, క్షమించండి అన్నట్టు ఉంటుంది. పేరు కింద చిన్న అక్షరాల్లో, బియ్యప్పిండి పొరల్లో నెయ్యీ బెల్లమూ పెట్టి మడిచిన మిఠాయి అని ఒక్క ముక్క ఇంగ్లీషులో రాయి. సరుకు ఏంటో తెలిసేలా ఉండాలని లేబుల్ నిబంధన కూడా ఉంది కదా, రెండూ తీరతాయి. అన్నట్టు "పొరలతో సహా తినాలి" అని కూడా వెయ్.

రేవు దాటిన పిల్ల (సఖినేటిపల్లి, ప్రస్తుతం షెఫీల్డ్)

లాకుల బాబాయ్ గారూ, మీ నాయనమ్మగారి ముక్కకి నైట్ డ్యూటీలో గట్టిగా నవ్వేశానండి, పేషెంట్లు లేచారు.

రేకులమ్మాయ్ గారూ, మీ మరిదిగారికి ఇది చెప్పండి. నేనిక్కడ ఆసుపత్రిలో నర్సుని. వచ్చిన కొత్తలో నా ఇంగ్లీషు తప్పేమో అని బిక్కుబిక్కుమంటూ మాట్లాడేదాన్ని. ఓ ముసలాయన దుప్పటి రెండోది అడుగుతూ తను "నెష్" అన్నాడు. నేను నొప్పేమో అనుకుని డాక్టర్ని పిలిచాను. లండన్ నుంచి వచ్చిన ఆ డాక్టర్‌కీ అర్థం కాలేదు! చివరికి ఊడ్చే ఆవిడ చెప్పింది, చలికి అస్సలు ఆగలేనివాణ్ణి అలా అంటారట. పాత మాటట, ఈ చుట్టుపక్కల వాళ్ళే వాడతారు. అలకబూనిన పిల్లల్ని "మార్డీ" అంటారు. సందుని "జెన్నెల్" అంటారు, పక్క ఊరికెళితే "గిన్నెల్" అంటారు, ఏది సరైందో వాళ్ళలో వాళ్ళకే పడదు. వీళ్ళ పిల్లలు కూడా ఇవి బడిలో రాస్తే టీచర్లు దిద్దేవాళ్ళట. అంటే ఇంగ్లండులో పుట్టినోళ్ళకీ మీ ఎర్రగీత బాధ తప్పలేదు.

ఆ మాటలన్నీ పోగేసిన జోసెఫ్ రైట్ అనే ఆయనది ఈ యార్క్‌షైరేనండి. చిన్నప్పుడే మిల్లులో పనికి పోయి, పదిహేనేళ్ళు వచ్చేదాకా చదవటం రాయటం రాదు. తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. పల్లె ఇంగ్లీషు మాటలతో ఆరు సంపుటాల నిఘంటువు వేశాడు, 1898 నుంచి 1905 దాకా. ఈమధ్య ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కూడా మీ ఊరి మాటలు మాకు పంపండి అని జనాన్ని అడిగారు. అమెరికాలో కుండపోత వానని "ఫ్రాగ్ డ్రౌనర్" అంటారట, కప్పలు మునిగిపోయే వాన అని. ఆగస్టులో మా లంకల్లోకొచ్చి చూస్తే తెలుస్తుంది, కప్పలు హాయిగానే ఉంటాయి, మునిగేది మనుషులే.

నాకొక పెట్టె ఇక్కడికి పంపగలరా? పగలకుండా వస్తాయా?

వంద కౌంటు (ఆకివీడు)

అందరూ పెద్దోళ్ళు చెబుతున్నారు, నేనొక్కటే అడుగుతానండి. ఎందుకీ దేబిరింపు? వాడు చేర్చుకుంటే మన మాట గొప్పదవుద్దా, చేర్చుకోకపోతే తగ్గుద్దా? నా పేరు చూశారుగా. రొయ్యల చెరువులోడిని. వంద కౌంటంటే కేజీకి వంద రొయ్యలు, ముప్పై కౌంటంటే ముప్పై. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. హైదరాబాదు నుంచొచ్చిన మా బావమరిది నీకు ముప్పయ్యే వచ్చిందా, పక్కోడికి వందొచ్చిందటగా అని ఓదార్చాడు నన్ను. సీడు, చెక్ ట్రే, ఏరియేటరు, పట్టుబడి, ఈ మాటలతోనే మా తెల్లారుద్ది. ఇవి ఏ తెలుగు నిఘంటువులో ఉన్నాయి? ముందు మనోళ్ళని రాయమనండి. మా నాన్న వరి చేసేవాడు. ఆకుమడి, దమ్ము, ఊడ్పు, పనలు, కుప్పనూర్పు, ఇవన్నీ ఆయన నోట్లో ఉండేవి. మా వాడికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, పనలంటే పనులా అని అడిగాడు. ఆక్స్‌ఫర్డ్ సంగతి తరవాత చూద్దాం.

లాకుల గుమాస్తా (ధవళేశ్వరం)

వంద కౌంటు గారూ, మీరన్నదాంట్లో కోపానికి నేను సంతకం పెడతాను, లెక్కకి పెట్టను. మీ నాన్నగారి మాటలు రాసినవాళ్ళు ఉన్నారండీ. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ వాళ్ళు మాండలిక వృత్తి పదకోశం అని వ్యవసాయం మాటలతో ఒక సంపుటం వేశారు, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో. పండితుల్ని కాదు, రైతుల్నే అడిగి, ఏ జిల్లాలో ఏమంటారో రాశారు. 1971లో చేనేత మాటలతో ఇంకొకటి. నాగలి భాగాల దగ్గర్నుంచి ఉన్నాయి. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర, మన వ్యవహారంలో కలిసిపోయిన ఫార్సీ, ఇంగ్లీషు మాటలకి విడిగా ఒక నిఘంటువే వేశాడు, 1854లో. ఇవి తెలుగు కాదు పొమ్మని పండితులు పక్కన పెట్టిన మాటలవి. కచేరీలో జనం మాట్లాడేది ఇదే కదా అని ఆయన పోగేశాడు. వ్యవసాయం సంపుటం వేసేనాటికి మీ రొయ్యల చెరువులు లేవు. ఇప్పుడున్నాయి, మీరున్నారు, ఫోన్ చేతిలో ఉంది. కౌంటు నుంచి పట్టుబడి దాకా వరసగా ఇక్కడే రాయండి, చదవటానికి నేను సిద్ధం. అయితే కౌంటు అన్నది రొయ్యల వ్యాపారంలో ప్రపంచమంతా ఉన్న మాటే, దాన్ని మన ఖాతాలో వేయకండి. పట్టుబడి మాత్రం మనది. పోలీసులు దొంగని పట్టినా పట్టుబడే, మీరు చెరువు పట్టినా పట్టుబడే. ఆ రెండో అర్థం రాసినవాణ్ణి నేను చూళ్ళేదు.

దేబిరింపు అన్నారు. ఆ అమ్మాయి అడిగింది బిరుదు కాదండీ, పెట్టె మీద ఏం రాయాలని. ఇంగ్లీషులో రాసి తీరాలన్నది రూలు. రాయక తప్పనప్పుడు "పేపర్" అని రాసి సరుకు చెత్తబుట్ట పాలు చేసుకోవటం కన్నా మన మాటే రాయటం మంచిది కదా. ఇక వాళ్ళు చేర్చుకోవటమంటారా, 2017లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మన దేశపు మాటలు ఒకేసారి డెబ్బై చేర్చారు, అందులో "అన్న" ఉంది. అంతకుముందు అదే స్పెల్లింగ్ కింద అణా ఉండేది, రూపాయిలో పదహారో వంతు. 2020లో విద్యార్థుల డిక్షనరీలో ఆధార్, డబ్బా, హర్తాళ్ చేరాయి. ఆధార్ మాట పుట్టి ఎన్నేళ్ళయిందండీ? రోజూ పేపర్లో వచ్చింది, చకచకా ఎక్కేసింది. లంకల్లో చుట్ట పోయింది, పొగాకూ తగ్గింది, మాట మాత్రం ఆ పుస్తకంలో కూర్చునే ఉంది. అర్హత చూసి ఇచ్చేదైతే ఇలా ఉండదు. కాబట్టి మీ మరిదిగారు అనుకుంటున్నట్టు అది మర్యాద పత్రం కాదమ్మా రేకులమ్మాయ్, వంద కౌంటు గారు అనుకుంటున్నట్టు గులాంగిరీ కూడా కాదు. ఎవరు ఏం రాస్తున్నారో చూసి దింపుకునే రిజిస్టరు.

రేకులమ్మాయి (ఆత్రేయపురం)

అందరికీ దణ్ణాలండి. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. జీఐలో ఉన్న స్పెల్లింగే, పెద్ద అక్షరాల్లో, ఏ గుర్తులూ లేకుండా. కింద చిన్న వివరం. "పొరలతో సహా తినాలి" అని వేస్తుంటే డిజైన్ కుర్రాడు ఇది మందుల సీసా మీద రాసినట్టుంది అక్కా అన్నాడు, అయినా వేయించాను. మా మరిది ఫోన్‌లోనూ చేర్చాను, మెలకువగా ఉన్నప్పుడే. పక్కన ముగ్గురు తయారీదార్లని అడిగితే ఇద్దరు అదే స్పెల్లింగ్ వేస్తామన్నారు. మూడో ఆయన తన డబ్బాలు ఇంకా చాలా మిగిలి ఉన్నాయట, అవి అయ్యాక చూద్దామన్నాడు.

షెఫీల్డ్ చెల్లెమ్మా, బెల్లంవి పంపుతాను. డబ్బాలో కదలకుండా సర్దితే పగలవు గానీ చెమ్మ తగిలితే మెత్తబడతాయి. చేరగానే గాలి చొరని డబ్బాలోకి మార్చుకో. అడ్రసు ఇక్కడ పెట్టకు, విడిగా మెసేజ్ పెట్టు.

ఇంకొక్క డౌటు, బాబాయ్ గారూ. రేకులు అంటే బహువచనం కదా. ఇంగ్లీషువాడు ఒక్కటి తింటే ఏమనాలి? పూతరేకు అని ఒక్కదాని ప్యాకెట్ మీద వేరే వేయాలా? మా డిజైన్ కుర్రాడు చివర ఎస్ పెట్టి "పూతరేకులుస్" అన్నాడు, వద్దన్నాను.

లాకుల గుమాస్తా (ధవళేశ్వరం)

మంచిపని చేశావు, వద్దను. కానీ రేపు బయటివాళ్ళు పెడితే ఆపలేవు. పనీనీ అన్నది ఇటలీ వాళ్ళకి బహువచనం, ఒక్కటైతే పనీనో. ఇంగ్లీషువాళ్ళు ఒక్కదాన్నీ పనీనీ అనే అంటారు, రెండైతే పనీనీస్ అంటారు. ఇటలీ వాళ్ళు తల బాదుకుంటున్నారు గానీ రొట్టె అమ్ముడవుతూనే ఉంది. నువ్వు మాత్రం ఒకటైనా పదైనా పూతరేకులు అనే వెయ్. రెండు రకాల లేబుళ్ళు వేయిస్తే అచ్చు ఖర్చు, మళ్ళీ స్పెల్లింగ్ రెండు ముక్కలు. అయినా ఒక్కటి కొనేవాడు ఎవడమ్మా?

పంచదారవి నాకొద్దు, షుగరు. బెల్లంవి పెట్టె ఎంతో, ధవళేశ్వరానికి కొరియర్ కావాలో మీ ఊరి బస్సుకి ఇచ్చి పంపిస్తే సరిపోతుందో చెప్పు.